మూడు నూళ్ళ నట్లు

పోయిన నెల మా అబ్బాయి కారులో జేకేపూర్ నుంచి రాయగడ వస్తుంటే ముక్కుకి ఒక వాసన తగిలింది. పెద్ద వాసనేమీ కాదు, వేడెక్కిన రేకు వాసన, దాని వెనకాలే గొంతులో గీరుకునే సన్నని పొగ. కారు అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, చల్లగాలి మిషను మెత్తగా తిరుగుతోంది, నా పక్కన మనవరాలు తల వాల్చి నిద్రపోతోంది. ఆ పిల్ల బుగ్గలు చూశాను, ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నమంతా ఎండలో గెంతిన పిల్ల బుగ్గలు ఎర్రగా కాక ఇంకెలా ఉంటాయని ఇప్పుడు తాపీగా అనుకుంటున్నాను గాని, ఆ క్షణాన ఆ ఆలోచనే రాలేదు. "ఆపు, కారాపు!" అని కేక పెట్టానట. బండి పూర్తిగా ఆగకముందే తలుపు తీసి, డెబ్బై ఆరేళ్ళ మోకాళ్ళ నొప్పుల మనిషిని, ఆ పిల్లని రెండు రెక్కలూ పట్టి రోడ్డు పక్కకి ఈడ్చేశానట. పిల్ల బెదిరిపోయి ఏడుస్తుంటే "ఏడుస్తోంది, ఏడుస్తోంది, బతికింది" అని నేను నవ్వానని మా కోడలు ఇప్పటికీ అందరికీ చెబుతుంది. ఎవరికి చెప్పినా వాళ్ళు నా వైపు జాలిగా చూస్తారు.

దగ్గర్లో ఉన్న షెడ్డు మెకానిక్ కారు కింద దూరి చూసి, సైలెన్సరు గొట్టం అతుకు దగ్గర నట్లు పడిపోయాయన్నాడు. సొరుగులోంచి ఒక చిన్న సంచీ తీసి, అందులోంచి కొత్త నట్లు అరచేతిలో పోసుకుని, నేను మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టేలోపల బిగించేశాడు. ఇంతేనా? ఇంత తేలికా? ఈ పని కోసమే మా నాన్న ఆరు నెలలు ఊళ్ళు పట్టుకు తిరిగేడు. ఇవి సమయానికి దొరక్కపోబట్టే మా ఇంట్లో ఒక మనిషి బతుకు బతుకంతా మరోలా అయిపోయింది. అది తలుచుకుంటే నాకు ఏళ్ళు గడిచినకొద్దీ తగ్గాల్సిన నివ్వెరపాటు ఏటేటా పెరుగుతోంది తప్ప తగ్గడం లేదు.

యాభైల్లో రాయగడ స్టేషను వెనక పెంకుటిల్లు మాది. మా వాళ్ళంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. మా నాన్న ఒక కంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా చేసి, ఆయన ఈ కొండలు విసుగెత్తి వెళ్ళిపోతూ వదిలించుకున్న కారుని తను తెచ్చుకున్నాడు. అది యుద్ధానికి ముందు నాటి ఇంగ్లీషు కారు. రంగు ఏమిటో నేను చూసేనాటికే ఎవరూ చెప్పలేకపోయేవారు. మడ్‌గార్డుల మీద గోధుమరంగు, తలుపుల మీద ఆకుపచ్చ, మిగతాదంతా దుమ్ము. కోరాపుట్‌కి ఆ రోజుల్లో రైలు లేదు కాబట్టి రాయగడ స్టేషనులో దిగిన గుమాస్తాలు, మాస్టర్లు, మాచ్‌ఖండ్ ప్రాజెక్టుకి పోయే ఉద్యోగులు బస్సు దొరక్కపోతే నాన్న కారెక్కేవారు. నాన్న దాన్ని "ముసిల్ది" అనేవాడు. ముసిల్దానికి నీళ్ళు పట్టేనా, ముసిల్దానికి ఇయ్యాల దగ్గొచ్చింది, ముసిల్ది కొండ ఘాటీ ఎక్కనని మొండికేసింది అని అమ్మ దగ్గర ముచ్చట్లు చెబుతుంటే, తనకి జ్వరమొస్తే ఇలా ఒక్కనాడైనా అడిగేడా అని అమ్మ గిన్నెలు కాస్త గట్టిగా కింద పెట్టేది.

ఆ కాలంలో మాకు ఋతువులు తిండి రూపంలో వచ్చేవి. ఎండలు ముదిరితే కొండల మీంచి ఇప్పపూల మత్తు వాసన ఊళ్ళోకి దిగేది, సంతలో కొండజాతి దేశియా ఆడవాళ్ళు అడ్డాకు దొప్పల్లో తునికిపళ్ళు, లేత పనసకాయలు పెట్టుకు కూర్చునేవారు, అమ్మ పనసపొట్టు కూరలో ఆవ పెడితే ఆ ఘాటు వీధి మలుపు దాకా వచ్చి మమ్మల్ని ఆటల్లోంచి లాక్కుపోయేది. వానలు పడితే వెదురుకొమ్ముల పులుసు, నాగావళి ఎర్రగా పొంగిన కబుర్లు, రథయాత్రనాడు తడిసి ముద్దయిపోయిన జంతికలు. చలికాలం వస్తే పొద్దున్నే సోళ్ళ అంబలి, అదే రాగి అంబలి, గోరువెచ్చగా, అందులో నంజుకోడానికి కాల్చిన ఎండుమిరపకాయ, పొయ్యి చుట్టూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మేము. ఆ పొయ్యి ముందు పీట మాత్రం ఎప్పుడూ మా పిన్నిది.

పైడి పిన్ని మా అమ్మకి చెల్లెలు. తల్లీ తండ్రీ పోయాక పన్నెండో ఏట మా ఇంటికి వచ్చింది, వచ్చిన ఏడాదికల్లా వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది. నాతో గచ్చకాయలాడి ఓడిపోయినట్టు నటించేది, నా జడలు లాగి కట్టేది, ఒడియా బడిలో నేను నేర్చుకొచ్చిన పద్యాలు అర్థం కాకపోయినా తల ఊపుతూ వినేది. ఆమెకి పదిహేడేళ్ళప్పుడు కోరాపుట్‌లో ఒక గుమాస్తాతో సంబంధం కుదిరింది. పిల్లవాడు ఒకసారి వచ్చి చూసి, వెళ్ళేటప్పుడు పిన్ని చేసిన పాలముంజలు రెండోసారి అడిగి మరీ తిన్నాడు. అప్పటినుంచీ పిన్ని ఏ పని చేస్తున్నా దానిలో చిన్న కూనిరాగం ఉండేది. మాఘమాసంలో పెళ్ళి. మా వాళ్ళలో పెళ్ళి మగపెళ్ళివారింట జరగడం ఆనవాయితీ, అంటే పెళ్ళికూతుర్ని మేమే కోరాపుట్ తీసుకెళ్ళాలి. వేరే బండి దేనికి, తండ్రీ అన్నా బావా అన్నీ తనే అయినప్పుడు తన కారులోనే పంపుతానని నాన్న పంతం పట్టాడు.

ఆ ఏడు వానల్లోనే ముసిల్దానికి దెబ్బ తగిలింది. వాగు దాటుతుంటే అడుగున ఉన్న గొట్టం బండరాయికి గుద్దుకుంది. ఇంజను నుంచి పొగ బయటికి పోయే గొట్టం అది, ముందు భాగాన ఇంజనుకి మూడు ఇనప బోల్టులతో తగిలించి, వాటిమీద మూడు ఇత్తడి నట్లు బిగించి ఉంటుంది. రెండు నట్లు వాగులో కలిసిపోయాయి. ఇనప బోల్టు మీద ఇత్తడి నట్టే ఎందుకని నేనడిగితే, ఆ వేడికి ఇనుమూ ఇనుమూ ఒకదాన్నొకటి కరుచుకుని మళ్ళీ విడవవని నాన్న చెప్పాడు. బజారు నుంచి ఇనప నట్లు తెచ్చి వేస్తే ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది, ఇంకొకటి కోరాపుట్ చేరేలోపల ఊడిపోయింది. ముసిల్దాని బోల్టుల మర, అదే బోల్టు చుట్టూ తిరిగే గాడి, సన్నం, బజారు నట్ల మర లావు. ఆ సన్నమర నట్ల కోసం నాన్న రాయగడ ఇనప కొట్లన్నీ కళ్ళతో జల్లెడ పట్టాడు, రైల్వే షెడ్డులో ఎరిగున్నవాళ్ళని బతిమాలాడు. మాచ్‌ఖండ్ ప్రాజెక్టులో లేని సామాను ఉండదని ఎవరో అంటే అంత దూరమూ వెళ్ళి, పిల్లలమైన మాకు చూపించడానికి లడ్డూ అంత నట్టు ఒకటి పట్టుకొచ్చి, "అక్కడన్నీ ఇలాటివే" అని దిగులుగా నవ్వాడు. గుణుపురం, కుందుర, వెళ్ళిన ప్రతి ఊళ్ళో అడిగాడు. ఆ నట్లు ఎవరి దగ్గరా లేవు.

చివరికి విజయనగరంలో పాత ఇనప సామాన్ల కొట్టు ఒకటుందని, అక్కడ ఇంగ్లీషు కార్ల ముక్కలు దొరుకుతాయని ఒక ప్రయాణికుడు చెప్పాడు. మా మామయ్య, అంటే అమ్మకీ పిన్నికీ అన్న, ఆ దగ్గరి పల్లెలోనే ఉండేవాడు. ఆయనకి ఉత్తరం రాయాలి. నాన్నకి సంతకం తప్ప చదువు లేదు, అమ్మకి అదీ లేదు. నేను తొమ్మిదేళ్ళదాన్ని, బళ్ళో ఒడియా, ఇంటి దగ్గర వేసవుల్లో ఆ మామయ్యే నేర్పిన నాలుగు తెలుగు అక్షరాలు. నా చేతికి కార్డు ఇచ్చి నాన్న ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మామకి రాయమ్మీ. మూడు నూళ్ళ ఇత్తడి నట్లు మూడు, సన్నమరవి, పెళ్ళి లోపల పంపమని రాయి. మరిసిపోకు, మూడు నూళ్ళు."

వడ్రంగులూ మెకానిక్కులూ అంగుళాన్ని ఎనిమిది చేసి ఒక్కొక్క భాగాన్ని నూలు అంటారు. మూడు నూళ్ళ నట్టంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల బోల్టుకి పట్టే నట్టు. నాకు ఆ సంగతి తెలీదు. నూలంటే నాకు మగ్గం మీద నూలే. మరంటే సోళ్ళు విసిరే మర, అందులో సన్నమర ఏమిటో బోధపడక "సన్నవి" అని రాసి ఊరుకున్నాను. పైగా నా చేతిలో తెలుగు న ఒక్కోసారి క లాగా పడేది. ఒడియా గుండ్రాలకి అలవాటైన చెయ్యి, అంతకంటే సాకు లేదు. సంతలో అడ్డాకుల కట్లు, కూరాకు కట్లు అని రోజూ వినే మాట కాబట్టి నా కంటికీ అది తప్పుగా తోచలేదు. "ఏటి రాసినావో సదువు" అని నాన్న అడిగితే, రాసింది చూడకుండా ఆయన చెప్పిందే గడగడా అప్పజెప్పాను. నాన్న నా తల నిమిరి, బంగారు తల్లి అన్నాడు.

పెళ్ళి మూడు రోజులుందనగా రైలు పార్సెలు వచ్చింది. నాన్న చేతులు తుడుచుకుని, పిల్లలందర్నీ దూరం జరగమని, దేవుడి పటం ముందు కూర్చున్నంత శ్రద్ధగా ముడి విప్పాడు. లోపల మూడు కట్లు నూలు ఉంది. ఇత్తడి చెంబు తోమినట్టు మెరిసే పసుపుపచ్చ నూలు, వెంట్రుకంత సన్నం. దానితో ఒక చీటీ. అది చదవవలసింది కూడా నేనే. "మీరు రాసినట్టే మూడు నూలు కట్లు, ఇత్తడి రంగువి, సన్నవి, మంగళసూత్రానికీ కంకణాలకీ సరిపోతాయి. ఇంత మంచి నూలు మీకు అక్కడ దొరకదని తెలుసు. పైడమ్మకి నా దీవెనలు." ఆ చీటీ చదువుతుంటే సగంలో నాకు నా న కళ్ళ ముందు కనిపించింది. "మీరు రాసినట్టే" అన్న మాట మింగేసి మిగతాది చదివాను. అమ్మ నెత్తి బాదుకుంటూ మామయ్య తెలివిని తిట్టింది, పిన్ని నూలుకట్ట బుగ్గకి ఆనించుకుని పకపకా నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. పెళ్ళి పనుల మధ్య ఇక విజయనగరం వెళ్ళి తెచ్చుకునే వ్యవధి లేదు. ఇనప తీగ తీసుకుని కారు కిందకి పోయి, గొట్టానికి కిరసనాయిలు డబ్బా రేకు చుట్టి తీగతో బిగించాడు.

అలాంటి తీగ కట్లతోనే అప్పటికి ఆరు నెలలుగా బండి నడుస్తోంది. ప్రయాణికులు తల దిమ్ముగా ఉందనేవారు, ఒకరిద్దరు వాంతులు చేసుకునేవారు. అదంతా ఘాటీలో కొండగాలి అనేవారు అందరూ. ఘాటీ మలుపులో పసుపు కుంకుమ పూసిన రాయి ఒకటుంది, ఘాటీ తల్లి. కాస్త తల తిరిగినవాడల్లా ఆ తల్లికి మొక్కడం మరిచినందుకే అనుకుని మర్నాడు కొబ్బరికాయ కొట్టేవాడు.

ప్రయాణం నాడు పొద్దున్నే మంచు. వీధిలో మా మేక కూడా కనిపించనంత మంచు. పెళ్ళికూతుర్ని దారిన పోయేవాళ్ళ కళ్ళు పడకుండా తీసుకెళ్ళాలి కాబట్టి కారు వెనక భాగమంతా ఎర్రగుడ్డ తెరలు కట్టారు, వాటి అంచులు గాలికి లేవకుండా అమ్మ సీటు కింద దోపింది. వెనక సీటులో ఎడమ మూల చెక్క నేల మీద ఒక నెర్రె ఉండేది, దాని కిందనుంచే గొట్టం పోతుంది, అక్కడ కాళ్ళు పెడితే వెచ్చగా ఉంటుంది. చలికాలం ఆ చోటు కోసం మేము కొట్టుకునేవాళ్ళం. ఆ రోజు ఆ మూల పిన్నికి ఇచ్చారు. పెళ్ళికూతురు కదా, చలికి వణకకూడదు కదా. ప్రేమతో, ఏరి కోరి, పైన బొంత కప్పి మరీ కూర్చోబెట్టారు.

"బావా, కాళ్ళకి ఎంత ఎచ్చగుందో!" అంది పిన్ని తెర లోపలినుంచి. ఆ మాట నేనెన్నిసార్లు కలలో విన్నానో చెప్పలేను.

నేను పిన్ని పక్కనే కూర్చున్నాను. ప్రయాణానికని చేసిన బూరెలు పెద్దవాళ్ళు చూడకుండా ఏడో ఎనిమిదో తిన్నాను. సగం దారిలో కడుపు తిప్పి, తెర మీదే కక్కుకున్నాను. అమ్మ నా వీపు మీద ఒకటిచ్చి, ముందు సీటులోకి లాక్కుని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. మంచులో దారి కనపడక నాన్న తలుపు అద్దం దించి, తల బయటికి పెట్టి నడుపుతున్నాడు. ముందున్న ముగ్గురికీ గాలి తగులుతూనే ఉంది. నా తిండియావే నన్ను కాపాడిందని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఘాటీ తల్లి దగ్గర ఆగి నాన్న కొబ్బరికాయ కొట్టాడు. అమ్మ తెర సందులోంచి తొంగి చూసింది.

"నిద్దరోతంది. పడుకోనీ, రేపట్నించి దానికి నిద్దరేడుంటాది" అంది, ముద్దుగా.

కోరాపుట్‌లో మగపెళ్ళివారి వాకిట్లో డప్పులు మోగుతున్నాయి, ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళు ఎదురొచ్చారు. పెళ్ళికొడుకు తల్లి తెర ఎత్తి, అబ్బ, పిల్ల బుగ్గలు సూడండే, మందారాలే అని మురిసిపోయి పక్కావిడని కూడా పిలిచింది. నిజంగానే పిన్ని అంత అందంగా ఎన్నడూ లేదు. బుగ్గలూ పెదవులూ ఎర్రగా వెలుగుతున్నాయి. ఆవిడ గడ్డం పుచ్చుకోగానే పిన్ని తల పక్కకి వాలిపోయింది, ఆ మీదట ఒళ్ళంతా జారి సీటు కిందకి పడింది. డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. అమ్మ వేసిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. వాకిట్లో చాప మీద పడుకోబెడితే పిన్ని చేతులు కొట్టుకున్నాయి, పళ్ళు బిగుసుకున్నాయి, నోటి పక్కన నురుగు. ఎవరో పరుగున ఇనప తాళంచెవుల గుత్తి తెచ్చి ఆమె పిడికిట్లో కుక్కారు. మూర్ఛ వచ్చినవాళ్ళకి ఇనుము పట్టిస్తారు కదా. ఆ గుత్తి పిన్ని చేతిలో పడిన క్షణమే ఆమె ఏమిటో ఆ వాకిట్లో తీర్మానమైపోయింది.

గంటకో గంటన్నరకో పిన్ని కళ్ళు తెరిచింది. ఎక్కడున్నదో తెలీదు, నన్ను చూసి వేరే పేరుతో పిలిచింది. కొండ మీంచి దిసారిని పిలిపించారు. అంటే దేశియా ఊళ్ళలో రోగమూ ముహూర్తమూ రెండూ చూసే పెద్ద. ఆయన పిన్ని చుట్టూ బియ్యం చల్లి, గాలి సోకింది అన్నాడు. ఘాటీలో గాలి సోకింది, ఇది విడవదు. ఆ మాటకి అందరూ తలలూపారు. ఎంత నిజం చెప్పాడో ఆయనకి తెలీదు, విన్నవాళ్ళకి తెలీదు. అది గాలే. మా కారులోని గాలి.

మర్నాడు జరగాల్సిన పెళ్ళి జరగలేదు. మూర్ఛపిల్లని దాచిపెట్టి అంటగట్టబోయారని పెళ్ళికొడుకు తండ్రి పదిమందిలో అన్నాడు, నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. పాలముంజలు రెండోసారి అడిగి తిన్న పిల్లవాడు గుమ్మం వెనకే ఉండిపోయాడు. తిరుగు ప్రయాణంలో తెరలు కట్టలేదు, దాచడానికి ఇంక పెళ్ళికూతురు ఎవరూ లేరు కదా. వాంతులవుతున్నాయని కిటికీలన్నీ తెరిచే ఉంచారు. ఆ దారిలో పిన్నికి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం కూడా సాక్ష్యమే అయింది. ఘాటీ తల్లి తను అనుకున్నది చేసింది, ఇంక వదిలేసింది అన్నారు.

ఆ వారమే నాన్న స్వయంగా విజయనగరం వెళ్ళి మూడు ఇత్తడి నట్లు తెచ్చి బిగించాడు. అప్పటినుంచి ఆ కారులో ఎవరికీ తల తిరగలేదు. ఇంట్లో మాత్రం పిన్ని చుట్టూ ఒక్కొక్కటే గీతలు గీసుకుంటూ పోయారు. మూర్ఛ మనిషి పొయ్యి దగ్గరికి పోకూడదు, నిప్పులో పడుతుంది. నూతి దగ్గరికి పోకూడదు, నీళ్ళలో పడుతుంది. ఒంటరిగా వీధి దాటకూడదు. పొయ్యి ముందు పీట మీదకి అమ్మ వచ్చింది. పిన్ని అరుగు మీద కూర్చుని అడ్డాకులకి వెదురుపుల్లలు గుచ్చి విస్తళ్ళు కుట్టేది. రోజూ, ఏళ్ళ తరబడి, మొలకి ఒక ఇనప తాళంచెవి కట్టుకుని. కూనిరాగం పోయింది. మళ్ళీ మూర్ఛ రాలేదే అని ఒక్కరూ అడగలేదు. రాకపోవడం తాయెత్తు మహిమ అన్నారు. ఒక్కసారి వచ్చిన దానికి జీవితమంతా శిక్ష పడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

నాకు పద్నాలుగో ఏడు వచ్చేసరికి జేకేపూర్‌లో కాగితం మిల్లు లేస్తోంది, దారి నిండా లారీలు, ఊరి నిండా కొత్త మనుషులు. హైస్కూల్లో సైన్సు మాస్టారు ఒక చలి ఉదయం, ఎవరూ కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవద్దని హెచ్చరించాడు. సరిగా కాలని పొగలో రంగూ వాసనా లేని విషం ఉంటుందని, మోటారు పొగలో మరీ ఎక్కువని, అది పీల్చిన మనిషికి తల నొచ్చి, నిద్ర ముంచుకొచ్చి, ఇంక లేవడని చెప్పాడు. "చూసేవాళ్ళకి ఏమీ తెలీదు. మొహం పాలిపోదు సరికదా, బుగ్గలు ఎర్రగా ఉంటాయి" అన్నాడు. మందారాలు! మందారాలని మురిసిపోయి అందర్నీ పిలిచి చూపించింది ఆవిడ. చచ్చిపోతున్న పిల్లని పట్టుకుని మేమందరం ఎంత అందంగా ఉందో అనుకున్నాం.

బడి వదిలారో లేదో నాకు గుర్తు లేదు, పరుగున ఇంటికొచ్చాను. నాన్న ముసిల్దాని బానెట్ ఎత్తి ఏదో తుడుస్తున్నాడు.

"నాన్నా, పిన్నికి మూర్ఛ కాదు కదా. మన కారు పొగే కదా?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

"నట్లు బిగించిన్నాడే నాకు తెలిసిందమ్మీ" అన్నాడు.

బళ్ళో తగిలిన దెబ్బ దీని ముందు ఏమీ కాదు. ఐదేళ్ళు! ఆ అరుగు దాటి రోజుకి పదిసార్లు లోపలికీ బయటికీ తిరుగుతూ, విస్తళ్ళు కుడుతున్న ఆమెని చూస్తూ ఐదేళ్ళు!

"మరి సెప్పలేదేం?"

"సెప్తే ఈ కారెవుడెక్కుతాడు? మనం ఏటి తింతాం? దానికి మాత్రం ఏటి పెడతాం?"

వీధి వినేలా అరవాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లోంచి వచ్చింది వేరే మాట. "ఆ ఉత్తరంలో నట్లని కట్లని రాసింది నానే." నాన్న అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు, ఏదో బరువు రెండో మనిషికి కూడా ఎత్తినట్టు చూశాడు. "ఇంకెప్పుడూ ఎవుల్తోనూ అనకు" అన్నాడు, అని మళ్ళీ తుడుచుకోడంలో పడ్డాడు. నేను అనలేదు. చెబితే నాన్న పోతాడు, నేనూ పోతాను. నోరు మూసుకుంటే పోయేది పిన్ని ఒక్కతే, ఆమె ఎలాగూ పోయిందే కదా అని పద్నాలుగేళ్ళ బుర్రతో లెక్క కట్టుకున్నాను. ఆ లెక్క తప్పని తెలిశాక కూడా దిద్దుకోలేదు. నాన్న పోయాడు, అమ్మ పోయింది. పిన్ని నాతోపాటే నా ఇంటికి వచ్చింది.

ఇప్పుడు ఆ కాలంలోనిది ఏదీ లేదు. ముసిల్ది తుక్కు కింద పోయి ముప్ఫై నలభై ఏళ్ళయింది. తెర కట్టిన కార్లు లేవు, ఆ పాత మలుపుల్లో చాలావాటిని రోడ్డు వెడల్పు చేసి తీసేశారు, కోరాపుట్‌కి కిటికీ పక్కన కూర్చుని రైల్లో పోవచ్చు. స్టేషను వెనక మా పెంకుటిల్లు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అడ్డాకు విస్తళ్ళు కుట్టేవాళ్ళూ తగ్గిపోయారు. ఆ వాకిట్లో తలలూపినవాళ్ళలో బతికున్నది నాకు తెలిసి ఒక్కరూ లేరు. చెప్పకపోవడానికి నాకు ఏ కారణమూ మిగల్లేదని ఆ రోజు మెకానిక్ షెడ్డు ముందు నిలబడినప్పుడు తట్టింది.

ఇంటికి రాగానే ఆమె మంచం పక్కన కూర్చున్నాను. ఎనభై నాలుగేళ్ళు పిన్నికి, చూపు మందగించింది గాని చెవి బాగానే పనిచేస్తుంది. అంతా చెప్పాను. పొగ సంగతి, బుగ్గల సంగతి, నాన్నకి తెలిసిన సంగతి, అన్నిటికంటే ముందు నా అక్షరం సంగతి. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. కోరాపుట్ పిల్లవాడి గురించి అడుగుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. దుప్పటి అంచు వేళ్ళతో మడతపెట్టింది.

"అందుకేటి, మీ నాన్న నా మొకం ఎప్పుడూ తిన్నగా సూసీవోడు కాదు" అంది.

ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్ల పెద్దవాళ్ళని అడిగినట్టు అడిగింది.

"అయితే అమ్మీ, నాను పొయ్యి ముట్టించొచ్చేటే?"

లేవదీసి, పొదివి పట్టుకుని వంటింట్లోకి నడిపించాను. గుమ్మం దగ్గర ఆగింది, అలవాటు కొద్దీ. దాటమన్నాను. అరవై ఏడేళ్ళ తర్వాత దాటి, గట్టు మీద చేతులు తడుముకుంటూ వెళ్ళి, నల్లగా నున్నగా ఉన్న గాజుపలక మీద అరచెయ్యి ఆనించింది. మూర్ఛ మనిషి ఉన్న ఇంట్లో మంట ఉండకూడదని మా అబ్బాయి ఎంతో బాధ్యతగా గ్యాసు తీయించేసి, కరెంటు పొయ్యి పెట్టించాడు.

"మంటేదే?" అంది పిన్ని.